తెరవకుండా తీసేసిన ఉత్తరం

తార్నాక,
10 జూన్ 1998.

దేవేందర్‌కు,

నిన్న, మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు, మీ కంప్యూటర్ విభాగంలో రాజలింగును పనిలోంచి తీసేశారు. పదకొండేళ్లుగా దినకూలీ మీద పనిచేస్తున్న మనిషి. అతని చేతికిచ్చిన కాగితంలో రెండు వాక్యాలున్నాయి. నవత అనే పరిశోధక విద్యార్థినికి సంబంధించిన మెయిల్‌ను నిర్లక్ష్యంగా చెరిపేశాడన్నది మొదటిది. రేపటి నుంచి రానవసరం లేదన్నది రెండోది. కింద సంతకం విభాగం ఇన్‌చార్జిది, అంటే నీది.

పదేళ్లు దాటిన దినకూలీలను పర్మనెంట్ చేసే జాబితా ఆగస్టులో సిద్ధమవుతోంది. అందులో రాజలింగు పేరు పదిహేడోది. పనిలో లేనివాడి పేరు జాబితాలో ఉండదు. కాబట్టి నిన్న పోయింది దినకూలీ ఒక్కటే కాదు.

నాకు ఇప్పటిదాకా తెలిసింది ఇది. మధ్యప్రదేశ్‌లోని ఒక విత్తన పరిశోధన కేంద్రంలో నవతకు రెండేళ్ల ఉద్యోగం ఖాయమైంది. చేరుతుందో లేదో మార్చి 31లోగా మెయిల్‌లో తెలపాలి. మార్చి 24న ఆమె నాలుగు వాక్యాలు కాగితం మీద రాసి రాజలింగుకు ఇచ్చింది. అతను టైపు చేసి, మెయిల్ కోసం రోజూ సాయంత్రం నాలుగింటికి కలిపే ఫోన్ లైనులో పంపాడు. ఆ రోజు అవతలి కేంద్రం మెయిల్ పెట్టె నిండిపోయి ఉంది. ఉత్తరం వెనక్కి వచ్చింది. 'అందలేదు, తిప్పి పంపుతున్నాం' అని అర్థం వచ్చే ఇంగ్లీషు శీర్షిక దాని మీద ఉంది. రాజలింగు దాన్ని తెరవకుండా తీసేశాడు. నవతకు ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్ 20న ఆమె ఫోన్ చేస్తే, జవాబు రాలేదు కాబట్టి రెండో పేరుకు ఇచ్చేశామన్నారు.

నేను విలేకరిని కదా అని, రాజలింగు నిన్న సాయంత్రం ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "సార్ నోటీసు పెట్టిండు. గా పేరుతోని వచ్చిన మెయిల్ తెరవొద్దు, కనవడంగనే తీసెయ్యమన్నడు. తీసేసిన. నా తప్పేంది సార్?" అని అడిగాడు.

ఫోన్ చేయకుండా ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. అడిక్‌మెట్ గదిలో ఇద్దరం ఉన్నప్పటి నుంచీ నా పద్ధతి అదే. సంగతి పెద్దదైతే రాసి అడుగుతాను, రాసిన జవాబే తీసుకుంటాను. ఆ నోటీసు ఉందా? ఎవరు పెట్టారు? ఇప్పుడు ఎక్కడ ఉంది?

ఇమ్మానుయేల్

•

యూనివర్సిటీ క్యాంపస్,
14 జూన్.

ఇమ్మానుయేల్ అన్నా,

రెండు కిలోమీటర్ల దూరానికి స్టాంపు అంటించి పంపావు. పోస్ట్‌మ్యాన్ ఇచ్చి పోతుంటే రాజశ్రీ నవ్వింది. "అన్నకు మనింటి తొవ్వ మర్శిపోయినాది?" అన్నది. నేను పెళ్లాడినప్పటి నుంచి ఆమెకు నీ సంగతి తెలిసిందే, అయినా స్టాంపు చూసి ఆగలేకపోయింది. ఆదివారం రా. నాటుకోడి చేయిస్తాను. రాసి అడిగేవన్నీ అప్పుడు తింటూ అడుగు.

రాజలింగు విషయంలో నాకూ బాధగానే ఉంది. మంచివాడే, కాదనను. ఈ మధ్య పని మీద ధ్యాస లేదు. నాలుగింటి లైను వచ్చే వేళకు చాయ్ దుకాణంలో ఉంటాడు. ఒక అమ్మాయి భవిష్యత్తు పోయింది. ఆమె వైస్ ఛాన్సలర్ దాకా ఫిర్యాదు రాసింది. ఎవరో ఒకరి మీద చర్య తీసుకోకుండా ఎట్లా?

నోటీసు అంటూ ఏదీ లేదు. ఆ శీర్షికతో వచ్చే మెయిల్‌లో వైరస్ ఉంటుందని ప్రచారంలో ఉంది కాబట్టి జాగ్రత్తగా ఉండమని నోటిమాటగా అందరికీ చెప్పి ఉంటాను. తెరవకుండా తీసేయమని ఎవరికీ చెప్పలేదు. ఫైలు చూసుకో, నకలు దొరకదు. ఇక వైరస్ అబద్ధమని కూడా ఎవరూ అనలేరు. దేశమంతా ఆ హెచ్చరిక తిరుగుతోంది. తెరిస్తే డిస్క్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుందట. ఉన్నవి ఆరు కంప్యూటర్లు. అవి పోతే జవాబు చెప్పాల్సింది నేనే.

ఆగస్టు 24న రీడర్ పదవికి నా ప్రమోషన్ ఇంటర్వ్యూ. మూడోసారి వెళుతున్నాను. ఈసారి రాకపోతే ఇక రాదు.

అన్నా, ఇది మరీ లోతుకు తవ్వకు. ఎవరెవరి పేర్లు బయటికొస్తాయో నువ్వూ ఒకసారి ఆలోచించు.

నీ
దేవేందర్

•

తార్నాక,
2 జులై.

దేవేందర్‌కు,

ఆదివారం రాలేకపోయాను. రాజలింగు ఉండే మాణికేశ్వర్ నగర్ వెళ్లాను, మర్నాడు లేడీస్ హాస్టల్‌కు, తర్వాత మీ విభాగానికి. నువ్వు సీట్లో లేవు.

నోటీసు లేదన్నావు. మీ తలుపు పక్కనున్న బోర్డు మీద ఆకుపచ్చ గుడ్డ ఎండకు వెలిసిపోయింది. కుడివైపు ఒక కాగితం మేర మాత్రం వెలవలేదు. దాని నాలుగు మూలలా గుండుసూదుల రంధ్రాలున్నాయి. దాని కింద అరచేయంత మేర ఇంకో చోటు కూడా వెలవలేదు, అక్కడ ఎండిన బంక ఉంది. హాస్టల్ అమ్మాయిలు ఆ నోటీసును జిరాక్స్ తీసుకున్నారు. ఒక ప్రతి నాకు దొరికింది. నకలుకు నకలు కావడంతో అడుగున సంతకం మసిమరకలా ఉంది. ఎవరిదో చెప్పలేం. పైన మాటలు మాత్రం చదవగలిగాను.

'ఒక పెద్ద కంప్యూటర్ కంపెనీ నిన్న ఉదయం ప్రకటించింది' అని అది మొదలవుతుంది. ఏ రోజుకు నిన్న? తేదీ లేదు. ప్రకటించిన మనిషి పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. ఆ కంపెనీ సికింద్రాబాద్ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి విసుక్కుంది. "గీ నెలల మీరు అయిదో వాళ్లు సర్. మేమైతే గట్లాంటిది ఏం చెప్పలే. చెప్పినోళ్లనే అడగుండ్రి" అన్నది. బొంబాయిలో పనిచేసే నా పాత సహోద్యోగి తన దగ్గరున్న ప్రతి పంపాడు. అది అతనికి పోయిన ఏడాది ఫిబ్రవరిలో వచ్చింది. మాటకు మాట అదే. అందులోనూ 'నిన్న ఉదయం'. మీ బోర్డు ఎక్కేనాటికి ఆ నిన్నకు పదమూడు నెలలు.

టెలిఫోన్ శాఖలో ఒక ఇంజనీరును అడిగాను. మీ విభాగానికి వచ్చేవన్నీ ఉట్టి అక్షరాల ఉత్తరాలేనట. వాటిని తెరిచి చదివినంత మాత్రాన డిస్క్ చెరగదన్నాడు. ఆ శీర్షిక మనుషులు పెట్టేది కూడా కాదు. అందని ప్రతి ఉత్తరాన్నీ యంత్రం ఆ పేరుతోనే తిప్పి పంపుతుంది. చిరునామాదారు లేరని ముద్ర కొట్టి తపాలా వాళ్లు తిప్పి పంపిన కవర్లన్నీ విప్పకుండా చించేయమని చెప్పినట్టే ఇది. నిజంగా ప్రమాదం ఉందని చెప్పేవాడు ఏం చేయాలో, ఎవరిని అడగాలో చెబుతాడు. ఈ కాగితం చివర ఉన్నది ఒకటే: 'మీకు తెలిసిన ప్రతి ఒక్కరికీ వెంటనే పంపండి.' అందరూ పంపారు. ఎవరూ అడగలేదు.

ఒక్కడు అడిగాడు. రాజలింగు మాటలు నా పుస్తకంలోంచి దించుతున్నాను.

"నేను సార్‌కు చెప్పిన. సార్, గీ రిటన్ మెయిల్స్ రోజుకు రెండో మూడో వస్తనే ఉంటయి, తెరుస్తనే ఉన్న, ఏం గాలే అన్న. 'నువ్వు ఇంటర్ ఫెయిలు, నేను ఎంటెక్కు. ఎవలకు తెలుస్తది?' అన్నడు. తెల్లారి పేపర్ ముక్క తెచ్చి నోటీసు కింద అతికిచ్చిండు. 'సూడు, పేపర్ల గుడ పడ్డది' అన్నడు. పేపర్ల పడ్డంక నేనేమంట సార్?"

మార్చి 12న ఒక దినపత్రిక మూడో పేజీలో మూడు వాక్యాల వార్త వచ్చిన మాట నిజమే. అది తప్పు వార్త.

నవతను కూడా కలిశాను. రాజలింగును తీసేసిన సంగతి ఆమెకు నా ద్వారానే తెలిసింది. "మనిషిని తీసెయ్యమని నేను రాయలే సార్. నా మెయిల్ ఏమైందని అడిగిన. గంతే. గిప్పుడు ఆయన భార్య హాస్టల్ మెస్సుల నాకు అన్నం పెడ్తలేదు, మొఖం తిప్పుకుంటున్నది. నేను ఎవరికని చెప్పాలె?" అన్నది.

మార్చి 11 నుంచి జూన్ దాకా ఎన్ని తిరుగు ఉత్తరాలు అలా పోయాయో రికార్డు లేదు. రెండు వందల దాకా ఉంటాయని రాజలింగు అంటాడు. వాటిలో ఎవరి పెళ్లి, ఎవరి చదువు, ఎవరి వైద్యం ఉన్నాయో ఇక తెలియదు. నవత ఒక్కతే అడిగింది.

మళ్లీ అడుగుతున్నాను. నోటీసు నీదా?

ఇమ్మానుయేల్

•

కంప్యూటర్ విభాగం,
యూనివర్సిటీ క్యాంపస్,
9 జులై.

శ్రీ ఇమ్మానుయేల్ గారికి,

మీ 2 జులై నాటి లేఖ అందింది. సదరు విషయమై విశ్వవిద్యాలయం ముగ్గురు సభ్యులతో విచారణ కమిటీని నియమించింది. విచారణ పెండింగులో ఉన్నందున ఈ దశలో వివరణ ఇవ్వడం సాధ్యం కాదు. విభాగపు ఆవరణలో ముందస్తు అనుమతి లేకుండా బోర్డులు, గోడలు పరిశీలించడం సమంజసం కాదని తెలియజేస్తున్నాము. ఇకపై మీకు కావలసిన సమాచారం రిజిస్ట్రార్ కార్యాలయం ద్వారా పొందగలరు.

ఇట్లు,
కె. దేవేందర్,
ఇన్‌చార్జి

(ఇది టైపు చేయించాను. ఈ వాక్యం నా చేత్తో రాస్తున్నాను. అన్నా, ఇక్కడితో ఆపు.)

•

తార్నాక,
20 జులై.

దేవేందర్‌కు,

బోర్డు కొత్త గుడ్డతో తయారైందని విన్నాను. నీలం రంగు. పాత గుడ్డ ఎక్కడ ఉందో అడగను.

రాజలింగు ఇప్పుడు కాచిగూడ స్టేషన్‌లో పార్సిళ్లు దించుతున్నాడు. పదకొండేళ్లు కీబోర్డు మీద పనిచేసిన వేళ్లు. మొన్న కుడిచేతి బొటనవేలు ఇనుప పట్టీ కింద నలిగింది. గోరు ఊడిపోయింది. కమిటీ పిలిచిన రోజు వాంగ్మూలం ఎట్లా రాయాలన్నది అతని బాధ. "ఎడమ చేతితోని సంతకం జేస్తే చెల్తదా సార్?" అని అడిగాడు. చెల్లుతుందని చెప్పాను.

కమిటీ ముందు ఇప్పటికి ఉన్నవి ఇవి. నోటీసు లేదని నీ లిఖితపూర్వక వివరణ. నోటీసు ఉందని రాజలింగు మాట. సంతకం చదవడానికి రాని ఒక జిరాక్స్. ఇన్‌చార్జి మాటకూ దినకూలీ మాటకూ మధ్య కమిటీ ఏది నమ్ముతుందో మనిద్దరం ఇరవై ఏళ్లుగా ఆ క్యాంపస్‌లో చూస్తూనే ఉన్నాం.

నిన్ను ఉద్యోగం వదులుకోమనడం లేదు. హెచ్చరికను నమ్మడం నేరం కాదు. 'నోటీసు నేనే పెట్టాను, రాజలింగు దాని ప్రకారమే చేశాడు' అని కమిటీకి ఒక్క వాక్యం రాసివ్వు. అతని పేరు జాబితాలోకి తిరిగి వస్తుంది. నీకు వచ్చేది ఒక మెమో. నువ్వు మీ ఊరి నుంచి ఒక్క ట్రంకు పెట్టెతో వచ్చినప్పుడు మెస్‌లో పేరు లేకుండా నెల రోజులు నీకు అన్నం పెట్టినవాళ్లు ఇలాంటి దినకూలీలే. ఆ మాట గుర్తు చేయడం నాకు ఇష్టం లేదు. చేస్తున్నాను.

ఇమ్మానుయేల్

•

క్యాంపస్,
25 జులై.

ఇమ్మానుయేల్,

మెస్ అన్నం దాకా వచ్చావు కాబట్టి నేనూ దాచుకోను.

'ఒక దినపత్రిక' అని రాశావు. ఎంత అందంగా రాశావు. బోర్డు మీద గుండుసూది రంధ్రాలు లెక్కపెట్టినవాడివి, బొంబాయి నుంచి పాత ప్రతి తెప్పించినవాడివి, ఆ పత్రిక పేరు మాత్రం రాయలేకపోయావు. ఆ పత్రిక నీది. ఆ మూడు వాక్యాలు నీవి. మార్చి 11 సాయంత్రం క్యాంటీన్‌లో ఆ హెచ్చరిక నేను చదివితే రాసుకున్నావు. 'విశ్వవిద్యాలయ నిపుణులు హెచ్చరించారు' అని వేశావు. రాజలింగుకు ఆ సంగతి చెప్పావా? అతని ఇంట్లో కూర్చుని, అతని మాటలు పుస్తకంలోకి ఎక్కించుకుంటూ, 'పేపర్ల పడ్డంక నేనేమంట' అని అతను అన్నప్పుడు నువ్వు ఏమన్నావు? ఏమీ అనలేదు. నాకు తెలుసు.

నేను నోటీసు పెట్టినప్పుడు అనుమానం ఉండింది. చించేద్దామని కూడా అనుకున్నాను. తెల్లవారి నీ వార్త చూశాను. ఇన్నేళ్ల అనుభవం ఉన్న విలేకరి అచ్చులో వేశాడంటే ఎక్కడో విచారించే ఉంటాడనుకున్నాను. నువ్వేమో నేను ఎంటెక్ కాబట్టి నాకు తెలిసే ఉంటుందనుకున్నావు. నీ ముక్క కత్తిరించి నా నోటీసు కింద నేనే అతికించాను. నన్ను నువ్వు, నిన్ను నేను సాక్ష్యంగా చూపించుకున్నాం. ఇప్పుడు నేను ఒక్కణ్ణి కమిటీ ముందు మోకరిల్లాలి, నువ్వు పక్కన నిలబడి రాసుకోవాలి.

నువ్వు విలేకరివి. ఈ వార్త కాకపోతే ఇంకో వార్త. నేను ఈ క్యాంపస్‌లోనే బతకాలి. మా బాపు సమ్మయ్య ఇప్పటికీ ఊళ్లో 'మా పిలగాడు కంప్యూటర్లకు పెద్దసారు' అని చెప్పుకుంటాడు. మెమో వచ్చినవాణ్ణి రీడర్ చేయరు. నీకు తెలియనిది కాదు.

నీ పేరు బయట పెట్టుకుని తర్వాత నా పేరు అడుగు.

దేవేందర్

•

తార్నాక,
2 ఆగస్టు.

దేవేందర్‌కు,

నువ్వు రాసింది నిజం. ఆ మూడు వాక్యాలు నేనే రాశాను.

ఆ వారం ఢిల్లీలో ప్రభుత్వం ఎవరు ఏర్పాటు చేస్తారన్న వార్తలతో పత్రిక నిండి ఉంది. మూడో పేజీలో అరచేయంత చోటు మిగిలిందని డెస్క్ అడిగింది. నా పుస్తకంలో నువ్వు చదివినది ఉంది. ఇచ్చేశాను. ఎవరికీ ఫోన్ చేయలేదు. జూన్‌లో సికింద్రాబాద్ ఆఫీసుకు చేసిన ఫోను మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది. మార్చిలో కూడా అంతే పట్టేది. మంత్రి చెబితే రెండో చోట అడుగుతాను, పోలీసు చెబితే మూడో చోట అడుగుతాను. నువ్వు చెబితే అడగలేదు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో నేను విచారించకుండా అచ్చుకిచ్చిన వార్త అదొక్కటే అని చెప్పుకోవాలని ఉంది. అది కూడా ఇప్పుడు నమ్మకంగా చెప్పలేను.

జూన్ 9న రాజలింగు మా ఇంటికి వచ్చిన రోజే నాకు అర్థమైంది. ఏడు వారాలు దాచాను. ముందు నీ చేత ఒప్పిస్తే నాది చిన్నదైపోతుందని అనుకున్నాను.

శుక్రవారం ఎడిటర్‌కు చెప్పాను. సవరణ వేయాలన్నాను.

"నాలుగు నెలల కిందటి మూడు లైన్లు ఎవనికి యాదున్నయయ్యా?" అన్నాడు.

"ఒకాయనకు యాదున్నయి సార్. ఆయన కొలువు పోయింది."

"గోడకు అతికిచ్చినోడు అతికిచ్చుకున్నడు. మనకేం సంబంధం? గట్ల సవరణలు ఏసుకుంట పోతే పేజీలు సాలయి."

రాసి ఇచ్చాను. రాసి ఇచ్చిన కాగితాన్ని ఆయన చించలేదు. వేస్తానన్నాడు, ఎప్పుడో చెప్పలేదు.

తర్వాత మాణికేశ్వర్ నగర్ వెళ్లాను. రాజలింగు, అతని భార్య ఈరమ్మ ఇద్దరూ ఉన్నారు. మూడు నిమిషాల్లో చెప్పేశాను. రాజలింగు తన బొటనవేలి కట్టు సర్దుకున్నాడు. "గా ముక్క మీదేనా సార్?" అన్నాడు. అవునన్నాను. "మరి గన్ని దినాలు నన్ను అడుక్కుంట రాసుకుంటిరి గద. నేనేదో మీకు కొత్త ముచ్చట చెప్తున్ననుకున్న." ఈరమ్మ గిన్నెలు కడుగుతోంది. వెనక్కి తిరగకుండానే అన్నది: "మొన్న గీడ్నే కూసొని చాయ్ తాగితిరి. అప్పుడు గీ ముచ్చట గొంతుల్నే ఉండెనా సారూ? ఆ సారు కాయితం అతికిచ్చిండు, మీరు కాయితం అచ్చేసిండ్రు, ఇల్లు మాది కూలింది. సదువుకున్నోళ్లు మీరు మీరు దోస్తులు."

నేను లేచాను.

ఇక నీ ఉత్తరం. 'నేను నోటీసు పెట్టినప్పుడు' అని రాశావు. 'నా నోటీసు కింద నేనే అతికించాను' అని రాశావు. నీ చేతిరాత, తేదీ, సంతకం ఉన్నాయి. కమిటీకి నువ్వు ఇచ్చిన వివరణలో నోటీసే లేదు. రాసిన జవాబు కోసమే నేను రాసి అడుగుతానని నీకు ఇరవై ఏళ్లుగా తెలుసు. తెలిసే రాశావా, కోపంలో రాశావా అన్నది నేను తేల్చలేను. ఉత్తరం నా దగ్గర ఉంది.

నా పేరు బయట పెట్టుకున్నాను. ఇప్పుడు నీ పేరు అడుగుతున్నాను.

ఇమ్మానుయేల్

•

క్యాంపస్,
8 ఆగస్టు.

అన్నా,

మూడు రోజులుగా ఇది రాస్తూ చించేస్తున్నాను. తార్నాక చౌరస్తా దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి తిరిగాను. నిన్న పాల బూత్ దగ్గర నువ్వు కనిపించావు. పిలుద్దామనుకున్నాను. నీ చేతిలో సంచి చూస్తూ నిలబడిపోయాను.

ఆ ఉత్తరం తిరిగి ఇచ్చెయ్. కోపంలో రాశాను. తమ్ముడు అన్నకు రాసినట్టు రాశాను, కమిటీకి కాదు. వివరణలో అబద్ధం రాశానని తేలితే మెమోతో పోదు. సస్పెండ్ చేస్తారు. నువ్వు ఒక్క వాక్యం రాసివ్వమన్న రోజు ఇచ్చి ఉంటే మెమోతో పోయేది, ఆ లెక్క నాకూ తెలుస్తూనే ఉంది. ఇప్పుడు ఆలస్యమైంది.

రాజలింగు కోసం నేను ఊరుకోలేదు. హబ్సిగూడలో ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థ వాళ్లతో మాట్లాడాను. సోమవారం నుంచే తీసుకుంటారు. నీడపట్టున పని, కీబోర్డు మీద పని. అతనికి చెప్పు. నేను చెబితే వినడు. మొన్న కబురు పంపితే, "సార్‌ను నోటీసు పెట్టమను, సదువుకొని వస్త" అన్నాడట.

నవతకు కూడా వచ్చే ఏడాది ఇక్కడే ప్రాజెక్టులో చోటు చూస్తానని చెప్పాను. ఆమె నా ముందు నిలబడి నా మాటలన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని, చదివి వినిపించి, "గిదే గద సార్ మీరన్నది? సంతకం పెడ్తరా?" అని అడిగింది. నీ దగ్గర నేర్చుకుందేమో.

రాజశ్రీ నాతో మాట్లాడడం మానేసింది. "నోటీసు నీదే గద, గంత మాట చెప్పనీకి ఏమైతది నీకు?" అన్నది ఒకసారే. బాపుకు ఇంకా ఏమీ తెలియదు.

నీ సవరణ వస్తే చాలు, అన్నా. పత్రిక తప్పు వేసింది, దాన్ని చూసి అందరూ మోసపోయారు, అక్కడికి ఆపు. రాజలింగుకు కూడా అది ఉపయోగపడుతుంది. ఆ ఉత్తరం లేకుండా కూడా అతను గెలవచ్చు. ఒక్కసారి నా మాట విను. అడిక్‌మెట్‌లో నాకు టైఫాయిడ్ వస్తే పరీక్ష మానేసి కూర్చున్నవాడివి నువ్వే.

దేవేందర్

•

తార్నాక,
13 ఆగస్టు.

దేవేందర్‌కు,

హబ్సిగూడ సంగతి రాజలింగుకు చెప్పాను. అక్కరలేదన్నాడు. "ఇంకో కొలువు గాదు సార్. నా కొలువు నాగ్గావాలె. తప్పు జేసిండని రాసిన కాయితం వాపస్ గావాలె." నాతో అతనికి ఇప్పుడు అవసరం మేరకే మాట.

పత్రిక తప్పు వేసిందని ఊరికే చెబితే అతనికి ఉపయోగపడదు. నిన్న కమిటీ కార్యదర్శిని అడిగాను. నోటీసు నువ్వే పెట్టినట్టు రుజువు లేకపోతే, పత్రికలో ఏదో చదివి తన సొంత తెలివితో చెరిపేశాడని రాసుకుంటారు. అప్పుడు అతని తప్పు ఇంకా పెద్దదవుతుంది. నీ ఉత్తరం ఒక్కటే రుజువు. అందుకే తిరిగి ఇవ్వడం లేదు. టైఫాయిడ్ నాకూ గుర్తుంది.

ఆ హెచ్చరిక ఇంకా తిరుగుతూనే ఉంది. సోమవారం మా ఆఫీసుకే ఫ్యాక్స్‌లో వచ్చింది, వరంగల్ నుంచి, ఒక కాలేజీ ప్రిన్సిపాల్ సంతకంతో. ఆధారంగా మా వార్త కత్తిరింపు జత చేశారు. 'నిన్న ఉదయం' అలాగే ఉంది. ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. "పేపర్ల పడ్డది గదండీ" అన్నాడు.

ముందు నీకు తెలియాలి కాబట్టి జరగబోయేది రాస్తున్నాను.

సవరణ ఎల్లుండి శనివారం, 15న వస్తుంది. ఎనిమిదో పేజీలో, స్వాతంత్ర్య దినం ప్రకటనల కింద, ఆరు లైన్లు. అడుగున నా పేరు ఉంటుంది. పదిహేను మాకు సెలవు కాబట్టి ఆదివారం పత్రిక ఉండదు. సోమవారం నుంచి నన్ను మార్కెట్ ధరల డెస్కుకు మార్చారు. మొదటి రోజే ఒక పూట సెలవు పెట్టాను.

కమిటీ ఆ సోమవారం, 17న, ఉదయం పదకొండు గంటలకు పరిపాలన భవనం రెండో అంతస్తులో కూర్చుంటుంది. మొదట రాజలింగును పిలుస్తారు. తర్వాత నవతను. పదకొండున్నరకు నా వంతు. నా ఉత్తరాల కార్బన్ నకళ్లు, నీ నాలుగు ఉత్తరాలు, సవరణ కత్తిరింపు వరుసగా కుట్టి పెట్టాను. ఏవీ తీసేయలేదు, నాకు అవమానమైనవి కూడా. పన్నెండింటికి నిన్ను పిలుస్తారు. వివరణ మార్చుకుంటానని అంతకు ముందే రాసిస్తే దాన్నే మొదట చదువుతారట, కార్యదర్శిని అడిగి తెలుసుకున్నాను.

పర్మనెంట్ జాబితా మీద సంతకాలు శుక్రవారం, 21న, సాయంత్రం నాలుగింటికి.

ఇమ్మానుయేల్